ప్రాక్టీసు కంపెనీ

సిరిసిల్లలో లక్ష్మీరాజం సేటు సాంచెల షెడ్డును ఆనుకుని చిన్న ఆఫీసు గది. మధ్యాహ్నం. మరమగ్గాల మోత. లెక్కలు రాసే నీల ఒక్కతే ఉంది. ఎన్నడూ చూడని మనిషి ఒకడు లోపలికి వచ్చాడు.

"తలుపెందుకు దగ్గరికేస్తున్నరన్నా? ఉక్కపోస్తది."

"సాంచెల సప్పుడుకు మాట వినవడ్తలేదు చెల్లె. నిలవడకు, కూసో."

"సేటు లేడు. కోరుట్ల పోయిండు. బిడ్డ బాలింత. ఎల్లుండి గాని రాడు."

"లేడని ఎర్కుండే వచ్చిన. నాకు పని నీతోని. నీల నువ్వే గదా?"

"నేనే. మీరు?"

"వెంకటి అనుకో. గీ కాగితం నువ్వు తీసిందేనా?"

"ఏ కాగితం?"

"చేతులకు తీస్కొని మంచిగ చూడు. నూనె మరకలున్నయ్ గని అక్షరాలు కనవడ్తనే ఉన్నయ్."

"ఇది... ఇది మీకెట్ల దొరికింది?"

"అడిగేది నేను."

"నేనే తీసిన. గీ ప్రింటర్ మీదనే. కని అన్నా, ఇది రద్ది. రద్దిల పడేసిన."

"నీ రద్ది బజ్జీల దుకాణం దాక పోయింది. దాంట్ల మిర్చీలు కట్టిచ్చిండు. తిన్నోడు సాంచె నడిపేటోడు, నాలుగక్షరాలు వచ్చినోడు. నూనె తుడ్సి సదివిండు. పైన ఏం రాసున్నది? సదువు."

"లక్ష్మీరాజం టెక్స్‌టైల్స్, సిరిసిల్ల."

"అడుగున?"

"నికర లాభం."

"ఎంత?"

"తొమ్మిది లచ్చలు..."

"వినవడ్తలేదు."

"తొమ్మిది లచ్చల మీద ఉన్నదన్నా."

"మొన్న కూలి పెంచుమని సమ్మె చేసిన్నాడు మీ సేటు ఏమన్నడో యాదికున్నదా?"

"ఉన్నది."

"ఏమన్నడు?"

"నేను సుత మునిగే పడవలనే ఉన్న అన్నడు."

"తొమ్మిది లచ్చల పడవ. మంచిగున్నది. ఇప్పుడు నేనెవరి దిక్కుకెళ్ళి వచ్చిన్నో సమజైందా? నోటితోని చెప్పించకు."

"...అన్నల దిక్కుకెళ్ళి."

"మెల్లగ. ఆదివారం పంచాయితీ పెట్టిన్రు. యాడ పెట్టిన్రన్నది నీకు అక్కర లేదు. గీ కాగితం ముంగటేసి సేటును అడుగుతరు. బీడి కార్ఖాన ఆయనకు ఏమైందో విన్నవా?"

"కాళ్ళు ఇరగ్గొట్టిన్రని విన్న."

"ఆయనది కాళ్ళతోని పోయింది. మీ సేటుది గట్ల పోదు. కూలోళ్ళ కడుపు కొట్టి, పైకెళ్ళి ఏడ్పు ముఖం పెట్టిండని అందరు మంట మీదున్నరు."

"అన్నా, వద్దన్నా. ఇది అబద్దపు లెక్క."

"అబద్దపు లెక్కలు సుత రాపిస్తున్నడా?"

"గట్ల కాదు! ఇది సేటు లెక్కనే కాదు. నేను నేర్చుకున్న లెక్క. ప్రాక్టీసు."

"ఏం ప్రాక్టీసు?"

"చెప్త. జెర నిమ్మలంగ వినుండ్రి. సేటు నన్ను జగిత్యాల పంపిండు, కంప్యూటర్ సెంటర్ల నేర్చుకొమ్మని. ఫీజు ఆయనే కట్టిండు. మల్యాలల మా చిన్నమ్మ ఇంట్ల ఉండి రోజు బస్సు మీద పోయేదాన్ని. ట్యాలీ అని, లెక్కలు రాసే ప్రోగ్రాం. దాంట్ల ముందుగాల ఒక కంపెనీ పేరు పెట్టాలె. కంపెనీ లేకుంటే అది అడుగు ముంగటికి పడనియ్యది."

"అయితే?"

"మా సారు ఏమన్నడంటే, ఉత్త కంపెనీ ఒకటి పెట్టుకోండ్రి, కొనుడు అమ్ముడు ఉత్తగనే రాయుండ్రి, చెయ్యి తిరుగుతది అన్నడు. అందరు ఏ బి సి అని పెట్టుకున్నరు. ఒకామె సినిమా హీరో పేరు పెట్టుకున్నది."

"నువ్వు సేటు పేరు పెట్టినవ్."

"అవ్."

"ఎందుకు?"

"లేని కంపెనీ రాస్తే దొంగలెక్క అయితది గదా అనుకున్న. మా ఊరి బడిల సారు నేర్పింది గంతే, ఉన్నదే రాయాలె అని. ఉన్న కంపెనీ నాకు గిదొక్కటే ఎర్క."

"ఉన్న కంపెనీకి లేని లాభం అంటగట్టినవ్."

"అప్పుడు నాకు గంత తెలివి లేకుండె."

"ఇప్పుడున్నదా?"

"మీరు తలుపు దగ్గరికేసిన కాడికెళ్ళి వస్తున్నది."

"నవ్విస్తున్నవా నన్ను?"

"లేదన్నా. ఉన్నదే చెప్తున్న."

"జగిత్యాలల నేర్చుకున్న లెక్క సిరిసిల్లల ఎట్ల అచ్చయింది?"

"ఫ్లాపీల తెచ్చుకున్న. ఈ ప్రింటర్ కొత్తగ వచ్చిన్నాడు మంచిగ కొడ్తదా లేదా అని సేటు అడిగిండు. కొట్టి చూపెట్టుటానికి నా దగ్గర గదొక్కటే ఉండె. అసలు లెక్కలింకా కంప్యూటర్ల ఎక్కియ్యనే లేదు. ఏప్రిల్ కెళ్ళి ఎక్కిద్దామన్నడు. అప్పటిదాక బుక్కులే, సేటు ఇంట్ల ఉంటయ్."

"మాటలు మస్తు చెప్తున్నవ్. చూపెట్టు."

"చూపెడ్త. జెర జరుగుండ్రి, తీగె తట్టుకుంటది."

"నువ్వే జరుగు. ఏదన్న బటన్ ఒత్తి మాయం చేస్తే?"

"మాయం చేసుడు నేనింకా నేర్చుకోలే అన్నా. ఇగో, ఇదే ఆ కంపెనీ. మీరే ఒత్తుండ్రి. కింది బాణం. మల్ల కిందికి. ఎంటర్."

"గిదా?"

"అది కాదు, దాని కింద. వేలు మెల్లగ పెట్టి తీయాలె, ఒత్తి పట్టుకోవద్దు. ఆ, ఇప్పుడు చూడుండ్రి. అమ్మిన లెక్కలన్ని ఇక్కడున్నయ్. పక్కన తారీఖులు చూడుండ్రి."

"ఏప్రిల్ ఒకటి. ఏప్రిల్ ఒకటి... మల్ల ఒకటే. అన్ని ఏప్రిల్ ఒకటే ఉన్నయేంది?"

"తారీఖు మార్చే బటన్ అప్పటికి నాకు తెల్వది. అది ఏడాది మొదటి దినం పెట్టుకొని కూసుంటది, మనమే మార్చాలె. నేను మార్చలే. ఏడాది యాపారమంత ఒక్కనాడే అయిపోయింది. ఒక్క పొద్దుల గన్ని తాన్లు ఏ సేటు అమ్ముతడన్నా? సిరిసిల్లల ఉన్న సాంచెలన్ని నడిచినా గంత బట్ట దిగది."

"తారీఖులు ఎనక నువ్వే మార్చి ఉండొచ్చు."

"మీ చేతులున్న కాగితం మీద తారీఖు లేదు, మొత్తమే ఉన్నది. దానికి నేనేం చెప్పలేను. కని మీకు ఇంకొకటి చూపెడ్త. మీ ఇంటిపేరేంది?"

"ఎందుకు?"

"వద్దు తియ్యుండ్రి. వెంకటి అండ్ కంపెనీ. ఇగో, కొత్త కంపెనీ తయారు చేస్తున్న. ఊరు సిరిసిల్ల."

"ఏం చేస్తున్నవ్ పిల్లా?"

"చూడుండ్రి. ఇప్పుడు అమ్మినట్టు ఒక లెక్క రాస్తున్న. ఎవరికి అమ్మిన్రు మీరు? షెడ్డుల నూలు కాండెలు చుట్టే మా సత్తవ్వకు అమ్మిన్రు. ఏం అమ్మిన్రు? చీరెలు. అది రెండు దిక్కులు అడుగుతది, ఎవరికి పోయింది, యాడికెళ్ళి వచ్చింది అని. రెండు సమానమైతేనే తీసుకుంటది. ఎంటర్. ఇప్పుడు లాభనష్టాల కాగితం తీద్దాం. సదువుండ్రి."

"వెంకటి అండ్ కంపెనీ... లాభం... ఇరువై లచ్చలా?"

"సత్తవ్వ దగ్గర మీరు సంపాయించిన్రు. చాయ్ చల్లారేంత సేపు సుత పట్టలే. ఇప్పుడు దీన్ని అచ్చు కొట్టి మిర్చీల దుకాణంల ఇస్తే, ఆదివారం పంచాయితీకి మీరు సుత రావాలె."

"నా కండ్ల ముంగటనే నన్ను సేటును చేసినవ్."

"కోపమచ్చిందా అన్నా?"

"లేదు. నువ్వు మెత్తగ కనవడ్తవ్ గని, మనిషివి గట్టిదానివే."

"భయానికి మాట్లాడుతున్న. మీరు పోయినంక ఏడుస్త."

"సరే. లాభం ఉత్తదే అనుకుందాం. మరి పైసలు తీసుకున్నోళ్ళ పేర్లేంది? కాగితానికి అతికున్న రెండో పేజీల ఉన్నయ్. నాకు వాటి మీదనే అనుమానం. పేరు మాటున ఎవరో ఉన్నరు."

"ఎవరు లేరన్నా. అందరు మా ఊరోళ్ళే. ముస్తాబాద్ దాటినంక మా ఊరు. మల్యాలల ఉన్నన్నాళ్ళు ఇంటి మీద మనసు కొట్టుకునేది. పేర్లు రాయుమంటే వాళ్ళే యాదికొచ్చిన్రు."

"పోచవ్వ యార్న్ ట్రేడర్స్, భీవండి. ఎవరీమె?"

"మా మేనత్త. నూలు కాదు, చింతపండు అమ్ముతది, ముస్తాబాద్ అంగట్ల. భీవండి పేరు ఇన్నది గని చూడలే."

"ఐలయ్య కలర్స్?"

"మా మామ. ఇండ్లకు సున్నమేస్తడు. రంగు అనంగనే ఆయనే కండ్లల్ల మెదిలిండు."

"చిన్నయ్య ట్రాన్స్‌పోర్ట్?"

"చిన్నయ్య తాతకు ఎడ్లబండి ఉన్నది. ఒక ఎద్దు కుంటది."

"కర్రెన్న అండ్ సన్స్?"

"అది... మా మ్యాకపోతు."

"మ్యాకపోతుకు సన్స్ ఏంది?"

"ఊరంత దాని పిల్లలే అన్నా."

"హహ్హ... నీ... కూసో, కూసో. నవ్వొచ్చింది గని ఇంకా పని అయిపోలే. ఇంకొక పేరు... అగో! ఏమైంది? చీకటేంది?"

"కరెంటు పోయింది."

"గా సప్పుడేంది? కీక్ కీక్ అని? ఏం ఒత్తినవ్? ఎవరిని పిలుస్తున్నవ్?"

"అంగి కింద తుపాకి మీదికెళ్ళి చెయ్యి తియ్యుండ్రన్నా, మీకు దండం పెడ్త! అది కింద బ్యాటరీ డబ్బ. కరెంటు పోతే గట్లనే మొత్తుకుంటది. జెరసేపే నడుస్తది. అంతల మనం కంప్యూటర్ ఆపాలె."

"ఆపకు."

"ఆపకుంటే ఖరాబైతది. సేటు కొత్తగ కొన్నడు."

"సేటు పానం పోతదంటుంటే కంప్యూటర్ ఖరాబైతదంటవేంది?"

"నీలా! ఓ నీలా! తలుపెందుకు దగ్గరికేసినవ్ పిల్లా? సాంచెలన్ని ఆగినయ్, నీ పెట్టె ఒక్కటే కూస్తున్నది."

"బయట పిలిచేది సత్తవ్వ. కాండెలు చుడ్తది. తలుపు తియ్యకుంటే ఊకోదన్నా."

"తియ్యి. నేను నూలు ఏజెంటును. యాదికుంచుకో."

"రా సత్తవ్వా."

"మంచినీళ్ళకొచ్చిన. అక్కడ బుంగ అడుగంటింది. ఎవరే బిడ్డా ఈ పిల్లగాడు?"

"నూలు ఏజెంటు సత్తవ్వా."

"నూలు ఏజెంటా? చేతుల సంచి లేదు, నూలు నమూన లేదు. ఏం చూపెట్టి అమ్ముతవ్ కొడుకా?"

"సంచి బండి మీదున్నదవ్వా. సేటు కోసమొచ్చిన. మీ సేటు ఎసొంటోడు? అప్పు ఇయ్యచ్చునా?"

"మా సేటా? మంచోడే, నిద్రపోయినప్పుడు."

"సత్తవ్వా, గట్లనకు!"

"ఎందుకనద్దే? కూలి పెంచుమంటే కండ్లల్ల కారం పడ్డట్టు చేసిండు. పెంచిండు, పెంచలేదని కాదు, పెంచిందాంతోని చాయ్ రాదు. కని నా మనుమరాలికి మెదడు జరం వచ్చిన్నాడు అద్దుమరాత్రి జీపు ఇచ్చి కరీంనగర్ దవఖానకు పంపిండు. పిల్ల బతికింది. రెండూ గాయననే. నేనేమని చెప్పాలె ఈ పిల్లగానికి?"

"చాలు సత్తవ్వా, నీళ్ళు తాగినవ్ గద."

"పోతున్న, పోతున్న. నీ ముఖం గట్ల తెల్లవడ్డదేందే? అన్నం తిన్నవా?"

"తిన్న."

"కొడుకా, తలుపు తీసి ఉంచు. పొల్ల ఒక్కతే ఉన్నది."

"గట్లనే అవ్వా."

"అన్నా, మల్ల దగ్గరికేస్తున్నరు. ఇప్పుడు సాంచెల సప్పుడు లేదు గదా?"

"అందుకే ఏస్తున్న. ఇప్పుడు మన మాట బయటికి వినవడ్తది. గా కూత ఆపు. కంప్యూటర్ బంద్ చెయ్యి."

"చేసిన. ఇగ కాగితం మీదనే అడుగుండ్రి."

"ఒకటే పేరు మిగిలింది. యాదగిరి సైజింగ్ మిల్. సైజింగ్ అంటే నూలుకు గంజిపెట్టే మిల్లు గదా?"

"అవ్."

"అందరికన్నా ఎక్కువ పైసలు గాయనకే పోయినయ్. ఎవరు యాదగిరి?"

"ఎవరు కాదు. ఉత్త పేరే."

"పోచవ్వ ఉత్త పేరు కాదు, అత్త. ఐలయ్య మామ. చిన్నయ్య తాత. మ్యాకపోతుకు సుత ఒక ఇల్లున్నది. యాదగిరికి లేదా?"

"ఊరికి పదిమంది యాదగిరిలుంటరన్నా."

"అండ్ల నీకు యాదికొచ్చినోడు ఎవడు?"

"...యాదికి లేదు."

"చూడు చెల్లె. మొదలు కెళ్ళి నీ నోరు సాంచె తీరు నడిచింది. యాదగిరి అనంగనే దారం తెగింది. నేను పిచ్చోన్ని కాదు. తక్కిన పేర్లన్ని నవ్వుకుంట ఒప్పుకున్న. గిదొక్కటి నిజం. సేటు పైసలు దాసుకునేది గీయన పేరు మీదనే."

"కాదన్నా! సేటుకు ఆయన ఎవరో సుత తెల్వది."

"ఆయన అంటే? అంటే ఉన్నడు."

"గది అడుగకుండ్రన్నా."

"సరే, నేను లేస్తున్న. ఆదివారం గిదే చెప్త. అన్ని పేర్లకు జవాబు చెప్పింది, అసలు పేరు కాడ నోరు మూసుకున్నది అని. తర్వాత సేటు పెండ్లాం బొట్టు నువ్వే చూసుకో."

"లేవకుండ్రి. కూసోండ్రి అన్నా."

"చెప్తవా?"

"మా అన్న."

"సొంత అన్నేనా?"

"ఒక్క కడుపే."

"సైజింగ్ మిల్లున్నదా ఆయనకు?"

"అంగి మీద అంగి లేదన్నా ఆయనకు. మా అవ్వ అంటుండేది, నా కొడుకు ఇంటికాడుంటే అప్పో సప్పో చేసి చిన్న దుకాణమన్న పెట్టియ్యకపోదునా అని. నేను కంప్యూటర్ల పెట్టిచ్చిన. అప్పు లేకుంట పెట్టేకాడ చిన్నదెందుకని మిల్లే పెట్టిన. సారు చూసి, గీ మిల్లుకు గంత పని ఎందుకిస్తున్నవమ్మా అన్నడు. మంచి మిల్లు సార్ అన్న."

"ఇంటికాడుంటే అన్నవ్. మరి లేడా?"

"లేడు."

"సచ్చిపోయిండా?"

"గా మాట అనకుండ్రి!"

"మరేంది? దుబాయా?"

"అందరికి గట్లనే చెప్తం, దుబాయి పోయిండని. పక్కింటోళ్ళు సెంటు సీస తేలేదా అని అడుగుతరు. ఈసారి తెస్తడంటది మా అవ్వ."

"నాకు నిజం చెప్పు."

"మీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది?"

"మీలనే ఉన్నడు గదన్నా."

"మాలనా? ఎన్నాళ్ళాయె?"

"కరీంనగర్ కాలేజీల సదువు సగంల ఇడిసి పోయిండు."

"ఏ దళం?"

"మీరు నన్నడుగుతున్నరేంది?"

"పిచ్చి చెల్లె. ఒక దళం ముచ్చట ఇంకో దళానికి ఎర్కుండది. లోపటికి రాంగనే పేరు సుత మారుతది. యాదగిరి అంటే నాకేం తెలుస్తది?"

"గది నిజమే. అన్న సుత గట్లనే చెప్పిండు."

"చెప్పిండా? ఎప్పుడు?"

"...ఎప్పుడో."

"అంటే కలుస్తుంటడు."

"లేదు. ఎప్పుడో ఒకసారి."

"ఎందుకు జడుసుకుంటవ్? మనోడని తెల్సినంక నాకు పానం నిమ్మలమైంది. నువ్వు చెప్పిందంత నమ్మిన. కని నేనొక్కన్ని నమ్మితే ఏమొస్తది? రేపు ఎంక్వయిరీల..."

"ఎంక్వయిరీనా?"

"అదే, విచారణల. పదిమంది కూసుంటరు. సేటు జీతం తినే పొల్ల సేటు దిక్కే మాట్లాడ్తది, ఆమె మాట ఎట్ల నమ్ముతం అంటరు. నీ తరపున సాక్ష్యం ఎవరు? సత్తవ్వను పిలుద్దామా? మంచోడే, నిద్రపోయినప్పుడు అంటది."

"గామె నోరు గంతే, మనసు కాదు."

"గా పదిమందిల మనోడే ఒకడు లేచి, ఈమె నా చెల్లె, గివి మా ఊరోళ్ళ పేర్లు, గా యాదగిరిని నేనే అంటే? మాట అక్కడికే తెగుతది. సేటు ఇంటికి నడ్సుకుంట పోతడు."

"మీ తొవ్వల మీరే కబురు పెట్టుండ్రి అన్నకు."

"పెట్టచ్చు. ఆదివారం లోపట అందది. అడివంటే సిరిసిల్ల బజారనుకున్నవా, గీ మూల పిలిస్తే గా మూల పలుకుటానికి?"

"అన్నకు చెడ్డేం కాదు గదా?"

"చెల్లె తరపున ఒక మాట చెప్పుమంటే చెడ్డేంది?"

"నాకు సమజైతలేదు. నా తలకాయ పనిచేస్తలేదు."

"నీకు నేను బలవంతం పెడ్తలేను. సేటు నీకేమన్న సుట్టమా? పోనీ తియ్యి."

"సుట్టం కాదు. బడి బందైనంక నేను సత్తవ్వ పక్కన కూసొని కాండెలు చుడ్తుంటి. కాండెల లెక్క బొగ్గుతోని గోడ మీద రాసుకునేదాన్ని. సేటు చూసి, నీ అంకెలు మంచిగున్నయే అని లోపట కూసోబెట్టిండు. నా చేతి రాతతోని ఇంత దూరం తెచ్చిండు. నా చేతి రాతతోనే ఆయన పానం పోతే, ఆయన ఇంటామె ముఖం నేనెట్ల చూడాలె?"

"అందుకే చెప్పుమంటున్న."

"ప్రమాణం చెయ్యుండ్రి."

"మేం దేవుండ్లను నమ్మం."

"మీ అవ్వ మీద చెయ్యుండ్రి. అవ్వ ఉన్నది గదా?"

"...ఉన్నది. మా అవ్వ మీద ప్రమాణం. సేటుకు ఏం కాదు."

"మా అవ్వకు కండ్లు మసక పడ్డయ్. మోతిబిందట. ఆపరేషన్ కంటె ముందు కొడుకు ముఖం చూడాలె, తర్వాత కనవడ్తదో లేదో అని ఒక్కటే ఏడ్పు. ఎట్ల తెల్సిందో అన్నకు తెల్సింది. వస్తనని చెప్పి పంపిండు."

"మీ ఊరికా?"

"ఇంటికాడికి రాడు. ఇంటి మీద ఎప్పుడు ఎవరివో ఒకరి కండ్లుంటయ్. బోయినపల్లిల మా పెద్దవ్వ ఉంటది, సమ్మవ్వ. అవ్వను గాడికి తోల్కపోయిన్రు."

"ఎప్పుడు వస్తడు?"

"రేపు. అంబటాళ్ళకు, పొద్దెక్కినంక."

"పట్టపగలా?"

"పెద్దవ్వ బీడీలు చేస్తది. కార్ఖాన మనిషి ఆకు సంచి పట్టుకొని వస్తుంటడు గద రోజు. గట్లనే సంచి పట్టుకొని వస్తడు."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. అన్నా, మీరు సుత ఒక్కరే పోవాలె. ఎక్కువమంది పోతే అవ్వ జడుసుకుంటది. కండ్లు కనవడయ్ గద, అడుగుల సప్పుడుకే వణుకుతది."

"ఒక్కన్నే పోత."

"పోంగనే నా పేరు చెప్పుండ్రి. లేకుంటే ఆయన నమ్మడు. నీల నీకు కంప్యూటర్ల సైజింగ్ మిల్లు పెట్టిందట అని చెప్పుండ్రి. నవ్వుతడు. మా అన్న నవ్వితే ఇంకో మనిషి తీరుంటడు."

"చెప్త."

"నేను తప్పు చెయ్యలే గదన్నా?"

"నువ్వేం తప్పు చేసినవ్? సేటు పానం కాపాడినవ్. ఇగ భయం లేదు. గీ ఫోన్ నడుస్తదా, కరెంటు లేకున్నా?"

"దానికి కరెంటు వద్దు. చేసుకోండ్రి అన్నా."

"హలో... ఆ, నేనే సార్. సేటు ఆఫీసు కెళ్ళే మాట్లాడుతున్న. మనం అనుకున్నట్టు అడివికి పోయే పైసల లెక్క కాదు సార్ అది, పొల్ల ఉత్తగ ప్రాక్టీసు చేసుకున్నది, ఆ కాగితం ఇడ్సిపెట్టుండ్రి. రేపు పొద్దుగాల బోయినపల్లికి మఫ్టీల ఎంతమందిని పంపుతరో చెప్పుండ్రి."